సున్నం, సిమెంటు, మళ్ళీ సున్నం

మా నూజివీడు వైపు "రిపేరు" అనేది మగవాళ్ళ మాట. తాపీమేస్త్రిని పిలవాలి, బేరమాడాలి, బస్తాలు దింపించాలి, సాయంత్రానికి కూలి లెక్కగట్టాలి. అదంతా రిపేరు. గోడలో నెర్రె పూడ్చడం, అరుగు మెత్తడం, పెచ్చులూడిన చోట మట్టి అద్దడం, ఎలుక బొక్కలు మూయడం, సున్నం కొట్టడం మాత్రం ఆడవాళ్ళు చేసేవారు గనక వాటికి ఆ పేరు రాలేదు. "ఇల్లు శుభ్రం చేసుకుంటున్నాం" అనేవారు, లేకపోతే "పండగ పని" అనేవారు. ఏటా చెయ్యకపోతే రెండు వానాకాలాలకి కూలిపోయే గోడని ఏళ్ళ తరబడి నిలబెట్టడం శుభ్రం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

అమెరికాలో 1954 ఆగస్టులో టైమ్ పత్రిక "డూ ఇట్ యువర్‌సెల్ఫ్" మీద ముఖచిత్ర కథనం వేసింది. యుద్ధం అయ్యాక ఊరి శివార్లలో ఇళ్ళు కొనుక్కున్న మగవాళ్ళు సెలవు రోజున సుత్తీ రంపం పట్టుకోవడం అక్కడ పెద్ద విశేషమైంది. ఇప్పుడు మన పిల్లలు కూడా "డీఐవై" అని వీడియోలు చూస్తున్నారు. అదే ఏడాది మా మెట్ట ఊళ్ళలో సంక్రాంతికి ముందు ఏ ఇంట్లో చూసినా, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోచేతుల దాకా మట్టిలో ఉన్న ఆడమనిషి కనపడి ఉంటుంది. ఆవిడ మీద ఎవరు కథనం వేస్తారు?

మాది ఎర్రనేల. కింద డెల్టాలో నల్లరేగడి ఎండితే బీటలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. గోడకి పనికిరాదు. మా ఎర్రమట్టి అలా కాదు, గోడకి బాగా నిలుస్తుంది. పుట్టమన్ను దొరికితే ఇంకా మంచిది. మట్టిలో ఊకో చిట్టో కలిపి రెండు రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కి, అరచేత్తో గోడకి మెత్తేవారు. ఊక ఎందుకంటే మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఊక పట్టి ఉంచకపోతే నెర్రెలిస్తుంది. నేలకి పేడ అలుకు, అరుగు అంచుకి ఎర్రమన్ను, గడపకి పసుపు. ఇందులో కొనేది ఏమీ లేదు. పాడైన జాగాని పాడైన రోజే, వంట అయ్యాక మధ్యాహ్నం పూట, ఎవరినీ అడక్కుండా బాగుచేసుకోవచ్చు.

కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళకి సున్నం వచ్చింది. మా అత్తగారింటి పాత గది అలాంటిదే. ఇటుక, మధ్యలో మట్టి, పైన సున్నపు పూత, ఆ పైన మంగుళూరు పెంకు. (ఈ పెంకుని బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరులో మొదలుపెట్టారు. పేరు అక్కడిది, చేసింది ఇంకెక్కడైనా మనం మంగుళూరు పెంకనే అంటాం.) గోడలు కట్టిన రోజుల్లో గానుగ సున్నం వాడేవారు. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దాన్ని లాగే ఎడ్లు. సున్నం, ఇసుక అందులో వెన్నలా నలిగేవి. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. అది కట్టడం పని, మగవాళ్ళది. కట్టాక దాన్ని కాపాడే పని లోపలివాళ్ళది.

సున్నం సంగతి కాస్త చెప్పాలి. సున్నపురాయినో, గుల్లలనో బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన గడ్డల మీద నీళ్ళు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతా ఉడుకుతుంది. ఆ తెల్ల ముద్దని గోడకి పూస్తే గాలిలోంచి అదే వాయువుని మళ్ళీ పీల్చుకుని నెమ్మదిగా రాయి అయిపోతుంది. సన్నటి నెర్రె వస్తే, తడి తగిలినప్పుడు కొంచెం సున్నం కరిగి ఆ సందులోనే గట్టిపడుతుంది. అంటే తనని తాను కొంతవరకు బాగుచేసుకునే గోడ అది. మిగతాది ఇంటి ఇల్లాలు చూసుకునేది.

అత్తగారు చెప్పడం, సంక్రాంతికి వారం ముందు పెద్ద బానలో సున్నం నానబెట్టేవారట. పిల్లల్ని దరిదాపులకి రానిచ్చేవారు కాదు, ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. మర్నాడు పాత పంచెలో వడగట్టి, తుమ్మ జిగురు, గంజి కలిపేవారు. అవి కలపకపోతే గోడకి ఆనుకున్న వాళ్ళ వీపంతా తెల్లగా అవుతుంది. తెలుపు మెరవడానికి నాలుగు చుక్కలు నీలిమందు. ఈతమట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసుకునేవారు. రెండు పూతలు పడేసరికి వేళ్ళ సందులు ఒరిసిపోయి, పండగ నాడు పులిహోర కలిపితే పులుపు తగిలి భగ్గున మండేదట. ఆ మంట గురించి చెప్పేటప్పుడు ఆవిడ నవ్వుతారు గానీ, చేతులు మాత్రం ఒళ్ళో దాచుకుంటారు.

గోడ సంక్రాంతికైతే, కప్పు మామిడి కాపుకి. మా వైపు ఇంటి బాగోగులకి క్యాలెండరు మామిడి చెట్టే. తోట గుత్తకిచ్చినా, సొంతంగా కోసి అమ్మినా చేతిలో డబ్బు ఆడేది మే నెలలో. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలకల్లా వచ్చేస్తుంది. ఈ మధ్య ఉన్న నాలుగు వారాల్లో, రోళ్ళు పగిలే రోహిణి ఎండలో, పెంకంతా దించి, పగిలినవి ఏరి, వాసాలకి పుచ్చు చూసి, చెదలకి కిరసనాయిలు పూసి, మళ్ళీ నేయించుకోవాలి. ఊరంతటికీ పెంకు నేసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అందరికీ అదే వారంలో కావాలి.

ఇక ఈదురుగాలి వస్తే రసాలూ పెంకులూ ఒకే రాత్రి రాలతాయి. తెల్లారేసరికి మగవాళ్ళంతా తోటకి పరిగెత్తేవారు, రాలిన కాయ ఆ పూటే ఏరి ఏదో ఒక ధరకి తోలకపోతే ఎందుకూ పనికిరాదు. ఇంట్లో పగిలిన పెంకులు ఏరడం, జారినవి కర్రతో పైకి నెట్టడం, కారే చోట తాటాకో గోనెపట్టానో దోపడం ఆడవాళ్ళ వంతు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తుపాను తీరం దాటింది. దాదాపు వెయ్యి మంది పోయిన తుపాను అది. సరిగ్గా బంగినపల్లి కోత మీద ఉన్నప్పుడు. ఆ రాత్రి అత్తగారు, పక్కింటి పిన్నిగారు కలిసి నిచ్చెన వేసుకుని, లాంతరు వెలుగులో నడికొప్పు మీద పరదా కట్టారట. మావగారు తోటలోనే చిక్కుకుపోయారు. ఆ కాపు నష్టం ఎంతో మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పరదా సంగతి నాకు తెలిసింది పెళ్ళయిన పదేళ్ళకి, అదీ ఎవరో తుపాను మాటెత్తితే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో అరచేత్తో గోడ నున్నగా మెత్తగలిగిన మనిషే కూలికి వెళ్తే, అక్కడ ఆమెకి తాపీ ఇవ్వరు. ఇసుక జల్లెడ పట్టడం, బొచ్చె నెత్తిన పెట్టుకుని మోయడం, గోడకి నీళ్ళు కొట్టడం ఆమె పని. కూలీ తక్కువ. ఇరవై ఏళ్ళు ఆ పనికే వెళ్ళినా మేస్త్రి అవదు. పనితనం లేక కాదు కదా.

సిమెంటు మా జిల్లాకి కొత్త కాదు. బెజవాడలో ఆంధ్రా సిమెంటు, ఏటికి అవతల తాడేపల్లిలో ఏసీసీ అప్పటికే ఉండేవి. చిమ్నీ పొగ కనపడేది గానీ బస్తా దొరికేది కాదు. పర్మిట్ ఉండాలి. పెళ్ళికి చక్కెర, ఇంటికి సిమెంటు, రెండింటికీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన రోజులు. మహారాష్ట్రలో సిమెంటు కేటాయింపులకీ విరాళాలకీ ముడి ఉందని బాంబే హైకోర్టు చెప్పడంతో 1982 జనవరిలో అంతూలే ముఖ్యమంత్రి పదవే వదులుకోవలసి వచ్చింది. మరుసటి నెలలోనే కేంద్రం నియంత్రణ సడలించింది, 1989లో పూర్తిగా ఎత్తేసింది. ఈలోగా 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అందరికీ తాటాకు ఇల్లంటే భయం నేర్పింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది, 1983 తర్వాత పక్కా ఇళ్ళ పథకాలు జోరందుకున్నాయి. "పక్కా" అన్న మాటలోనే తీర్పుంది. మరి మిగతావన్నీ కచ్చా.

మా మావగారు 1984లో కాపు బాగా వచ్చిన వేసవిలో పాత గది గోడలకి సున్నం గీకించి నిలువెల్లా సిమెంటు పూయించారు. పని అయ్యాక అత్తగారితో, "ఇక జన్మలో నువ్వీ గోడ ముట్టుకోనక్కర్లేదే" అన్నారట. ప్రేమగానే అన్నారు. ఆవిడ చేతులు చూసినవాడు కదా. అత్తగారు కూడా సంతోషించారు. ఆ సంతోషాన్ని తక్కువ చెయ్యడం నాకిష్టం లేదు. పాత పద్ధతులన్నీ బంగారమని రాసేవాళ్ళు ఒక్కసారి సున్నం బానలో చెయ్యి పెట్టి రావాలి.

కానీ గోడ ఊరుకోలేదు. మట్టితో కట్టిన గోడ నేలలోని చెమ్మని పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్ళూ ఆ చెమ్మ దానిగుండా ఎండిపోయేది. సిమెంటు గట్టిది, అంత తేలిగ్గా ఆవిరిని పోనివ్వదు. లోపలి నీరు దారి వెతుక్కుంటూ ఇంకా పైకి పోతుంది, వెంట ఉప్పు మోసుకుపోతుంది. మూడో వానాకాలానికి మోకాలెత్తున తెల్లటి ఉప్పు పొంగింది. ఆ తర్వాత పెచ్చులు. మేస్త్రి వచ్చి ఇంకాస్త సిమెంటు పూశాడు. ఉప్పు నడుమెత్తుకి ఎక్కింది. పెయింటు, పుట్టీ, టైల్స్, ఒక్కో దశాబ్దానికి ఒక్కో మందు. డబ్బు పోయిందనే బాధకన్నా, నలభై ఏళ్ళు ఆ గోడతో మాట్లాడిన మనిషి దాని ముందు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోవడం చూడలేకపోయేదాన్ని. "ఇది నా చేతికి రాదమ్మాయ్, మేస్త్రినే పిలవండి" అనేవారు.

పశువుల కొట్టానికి రేకులొచ్చాయి. హైదరాబాదు ఆస్బెస్టాస్ వాళ్ళ చార్మినార్ రేకు తెలియని ఊరు లేదు. పెంకులా ఏటా నేయక్కర్లేదని అందరూ వేసుకున్నారు. ఆ రేకుని ఇంట్లోవాళ్ళే రంపంతో కోసి, మేకులతో బొక్కలు కొట్టి, ఆ పొడిని చీపురుతో ఊడ్చేవారు. ఊపిరితిత్తులకి అది ఎంత చేటో 1995లో మన సుప్రీంకోర్టు కార్మికుల కేసులో వివరంగా చెప్పింది. బ్రిటన్ 1999లో నిషేధించింది. మన దగ్గర ఇప్పటికీ అమ్ముతున్నారు. పగిలిన రేకు ఇంట్లో ఉంటే దయచేసి పొడిగా ఉన్నప్పుడు కొయ్యకండి, ఊడ్చకండి. నీళ్ళు చల్లి, తీసే పని తెలిసినవాళ్ళకి వదిలెయ్యండి. ఫ్యూజు సంగతీ అంతే. పిడి లాగి రాగితీగ రెండు పోగులు చుట్టడం ఒకప్పుడు పదేళ్ళ పిల్లాడికి కూడా వచ్చు. సన్నగా కాలిపోవడమే ఫ్యూజు పని, లావు తీగ చుడితే అది కాలదు, ఇల్లు కాలుతుంది. ఎంసీబీలు వచ్చి ఆ ఒక్క సొంత వైద్యం పోవడం మంచిదైంది.

ఇప్పుడు మళ్ళీ చేతులు కదులుతున్నాయి. ఎం-సీల్ ముద్ద, టెఫ్లాన్ టేపు, చిన్న డ్రిల్లు మిషను ఏ ఇంట్లో చూసినా ఉంటున్నాయి. కుళాయి వాషరు మార్చడానికి ప్లంబరు కోసం వారం ఎదురుచూడక్కర్లేదు. బాత్రూమ్ పైపు మాత్రం గోడ లోపల ఉంటుంది గనక, ఎక్కడ కారుతోందో తెలియక మూడు టైల్స్ పగలగొట్టాక ప్లంబరునే పిలుస్తారు. ఇప్పటి ఇల్లు సగం మన చేతికందుతుంది, సగం అందదు.

పాత గది సంగతి రెండేళ్ళ క్రితం తేల్చుకున్నాం. పడగొట్టి స్లాబు వేద్దామని మా మరిది, ఉంచుదామని నేను. అన్నదమ్ములిద్దరూ నెల రోజులు ముభావంగా ఉన్నారు. చివరికి నడుమెత్తు దాకా సిమెంటు కొట్టేయించి, ఒక వేసవంతా ఇటుకని అలా వదిలేసి ఆరబెట్టి, ఇసుక సున్నంతో పూయించాం. సున్నపు పని తెలిసిన పెద్ద మేస్త్రి దొరకడానికి మూడు మండలాలు తిరగాల్సి వచ్చింది. మొన్నటి వానలకి ఒక మూల మాత్రం ఉప్పు కాస్త పొంగింది. అత్తగారు దాన్ని తడిగుడ్డతో కాదు, పొడి కుంచెతో దులిపి, కొంచెం సున్నం అద్దారు. ఎవరినీ పిలవలేదు.

ముందు భాగం స్లాబుకి మాత్రం వేరే బాధ. మే నెలలో రాత్రి పదింటికి కూడా మంచం మీద సెగ కొడుతుంది. అందుకని మా వైపు చాలామంది వేసవి మొదట్లో డాబా మీద సున్నం వేస్తున్నారు. తెల్లటి పైకప్పు ఎండని తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీనికోసం కూల్ రూఫ్ అని ఒక విధానమే తెచ్చింది. మేం చేసేది చాలా మామూలు పని. డాబా కడిగి, తడి ఆరకముందే, సాయంత్రం ఎండ తగ్గాక, వడగట్టిన సున్నంలో ఫెవికాల్ కలిపి పొడుగు చీపురుతో రెండు పూతలు. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు.

ఈసారి మా అమ్మాయి సెలవులకొచ్చి తనే వేసింది. కింద వాకిట్లో కుర్చీ వేసుకున్న మా అత్తగారు తెల్లటి డబ్బా చూసి అదేమిటని అడిగారు. జిగురని చెప్పాం. "ఎందుకు అంత డబ్బు పోసి కొన్నారు, గంజి లేదూ ఇంట్లో?" అని, మళ్ళీ మెడ పైకెత్తి, "అంచుల్లో దళసరిగా వెయ్యవే, నీళ్ళు దిగేది అక్కడే" అన్నారు.