కిన్నెర మెట్లు, మిరాశి ఊళ్లు

గద్వాల సంస్థానం మాట వస్తే మా పక్క చదువుకున్నవాళ్ల నోట వచ్చే మొదటి మాట ‘విద్వద్గద్వాల’. పండితులకు సంభావనలు, తిరుపతి వేంకట కవుల రాకపోకలు, వనపర్తి, ఆత్మకూరు రాజుల పోటాపోటీ సత్కారాలు. సాంఘికశాస్త్రం పంతులుగా ఈ పాఠం నేనూ చెప్పినవాణ్ణే, గర్వంగానే చెప్పిన. అయితే ఆ సభల్లో కిన్నెర వాయించేవాడికి పీట లేదు. కిన్నెర మోగింది కోటలో కాదు, ఊరి చివర మా మాదిగవాడలో. ఇంకా సరిగా చెప్పాలంటే వాడకు కూడా అవతల.

నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊరికి పంటలు ఇంటికొచ్చినంక కిన్నెర వాయించే డక్కలోళ్లు వచ్చేవాళ్లు. గుడిసెలు వాడ బయట వేసుకునేవాళ్లు. ఊళ్లో ఇంకెవరినీ అడిగేవాళ్లు కాదు. వాళ్లకు పెట్టవలసింది మేమే. మా నాయినను ‘పెద్దయ్యా’ అని పిలిచి, జాంబపురాణం ఎత్తుకునేవాళ్లు. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుడు మా మూలపురుషుడని వాళ్లు పాడుతుంటే మా నాయిన మీసం సవరించుకునేవాడు. గింజలు కొలిచి పోసేవాడు. గడప మాత్రం దాటనిచ్చేవాడు కాదు. అంటరానివాళ్లమైన మాకు కూడా ఒక అంటరానివాళ్లు కావలసొచ్చిన్రు! దీన్ని మా వాళ్లు ఇప్పటికీ మాట్లాడుకోరు.

ఏ కుటుంబం ఏ ఊళ్లు తిరగాలన్నది వాళ్లలో వాళ్లకు పంచుకున్న హక్కు. దాన్ని మిరాశి అంటారు. ఒకరి మిరాశి ఊళ్లోకి ఇంకొకరు వచ్చేవాళ్లు కాదు. ఆడపిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో మిరాశి చేతులు మారేది కూడా. సంస్థానం పండితులకు ఏటా ఇచ్చే వర్షాశనం లాంటిదే ఇది, కాకపోతే ఇచ్చేవాళ్లం పేదోళ్లం.

ఇక వాద్యం సంగతి. పొడుగాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన ఆనపకాయ బుర్రలు మూడు, బొంగు మీద తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు, పైన తీగలు, అలంకారానికి నెమలి ఈకలు, అద్దాలు. చూస్తే ‘అడుక్కునేవాళ్ల వీణ’ అంటారు. కానీ 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణను వర్ణించాడు. అందులోనూ బుర్రలున్నాయి, మైనంతో అతికించిన మెట్లున్నాయి. పెద్ద కిన్నరికి బుర్రలు మూడు. అంతకు ముందే 12వ శతాబ్దంలో, కల్యాణంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణుల్లో కిన్నర బ్రహ్మయ్య ఉన్నాడు. పుట్టుకకు తెలుగువాడు, వృత్తికి కంసాలి, బతికింది కిన్నెర వాయించి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఆయన కథ చెప్పాడు. అంటే రాజు కొలువు, శివభక్తుడి చెయ్యి రెండూ చూసిన వాద్యమే ఇది. శాస్త్రీయ సంగీతం కొత్త వీణలను తెచ్చుకుని దీన్ని వదిలేసింది. డక్కలోళ్లు వదల్లేదు.

దర్శనం మొగులయ్య ఆ వరసలోని మనిషి. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. తాత తండ్రుల నుంచి వచ్చిన విద్య. వాయించేది 12 మెట్ల కిన్నెర. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ, ఎండబెట్ల ఫకీరయ్య కథ ఆయన నోట విన్నవాళ్లకు ఒకటి తెలుస్తుంది: కాగితం మీద రాసి పెట్టుకున్న పాట కాదది. దొరల ధాన్యం కొల్లగొట్టి బీదలకు పంచిన సాయన్న ఇవాళ ఒక తీరున, ఇంకో ఊళ్లో ఇంకో తీరున గుర్రమెక్కుతాడు. విననొచ్చినవాళ్ల మొఖాలు చూసి పాట అక్కడికక్కడే కట్టడమే ఆయన పని. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ అనే స్వరకర్త 1937లో ఫ్రాంక్‌ఫర్ట్ రంగస్థలం మీద వినిపించిన కార్మినా బురానా కూడా, దేశం తిరిగిన చదువరులు, పాటగాళ్ల మధ్యయుగపు పాటలే. అవి ఒక మఠంలో రాతప్రతిగా మిగిలాయి గనుక ఓర్ఫ్ చేతికి అందాయి. సాయన్న కథకు మఠమంటే మొగులయ్య గొంతే.

తెలంగాణ వచ్చినంక ఆ గొంతుకు గుర్తింపు దొరికింది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటి పరిశోధకులు కిన్నెరను పట్నం వేదికల మీదికి తెచ్చారు. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఆయన కళ గురించి పాఠం వచ్చింది. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు ఆయన ఎత్తుకున్న సాకీని దేశమంతా విన్నది. 2022లో పద్మశ్రీ, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు, ఇంటి జాగా. 2024 మేలో మాత్రం హైదరాబాద్ శివారులో ఆయన కూలిపని చేస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ‘కోటి ఏమైంది’ అని చాయ్ హోటల్లో లెక్కలడిగినవాళ్లే ఎక్కువ. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. మిరాశి ఏటా వచ్చే గింజ. బహుమానం ఒకసారి వచ్చే పైసలు. మేం చదువుకుని ఊళ్లొదిలి పట్నాలకు పోయినంక డక్కలోళ్లకు గింజ కొలిచేవాళ్లు ఎవరు? కొలిచిన్నాడు కూడా గడప బయటే నిలబెట్టినం కదా. ఆ పద్ధతి పోవడం మంచిదే. దాని జాగాలో నెలనెలా నిలకడగా అందేదేదీ పెట్టకపోవడమే తప్పు.

2024లో పాలమూరు పక్కకు ఇంకో పద్మశ్రీ వచ్చింది: నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు. పాత జిల్లాకు మూడేళ్లలో రెండు, రెండూ ఆనపకాయ బుర్రలు మోసుకు తిరిగినవాళ్లకే.

ఇప్పుడు పాటలకు కొదువ లేదు. యూట్యూబ్ నిండా ఉన్నాయి. నేనడిగేది వేరు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో శార్ఙ్గదేవుడు అంగుళాల్లో కొలతలు రాశాడు. మొగులయ్య చెవితో కొలుస్తాడు. మైనం ఎంత మెత్తబడితే మెట్టు పట్టుకుంటుంది, ఏ బుర్ర మోగుతుంది, ఏది మోగదు, వాన ముసురులో తీగను ఎట్లా బిగించాలి: ఇవి ఒక వడ్రంగినీ, ఒక వీణ చేసేవాణ్ణీ, ఇద్దరు డక్కలి పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టి, పాడేవాళ్లకు రోజుకు ఇంత అని జీతమిచ్చి నేర్పించాలి. దానికి వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఒక గది చాలు.