సందూఖ్‌లో కాగితాలు, ఐవాన్‌లో తారీఖ్

తారీఖ్ అంటే బాద్షాలదే అనుకుంటాం. గోల్కొండ, చార్మినార్, ఫలానా నవాబు దేవిడీ. మన పర్‌దాదా ఏ ఊళ్లో ఏ జమీన్ దున్నాడో, ఊరి మస్జిద్‌కు ఎవరు వక్ఫ్ రాసిచ్చారో చెప్పాల్సింది మాత్రం ఇంట్లో సందూఖ్ అడుగున ఉన్న కాగజాతే.

పాత కాగితం కద్ర్ తెలిసిన మనిషి డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాహెబ్. లండన్‌లో చదివొచ్చి ఉస్మానియాలో ఉస్తాద్ అయ్యారు. 1931లో దోస్తులతో కలిసి హైదరాబాద్‌లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఖాయం చేశారు. దక్కన్ మఖ్తూతాత్, అంటే చేతిరాత కితాబులు, అక్కడ జమ అయ్యాయి. జమ చేసి తాళం వేసుకోలేదు. ఏ కితాబ్ ఎవరిది, ఏ కాలానిది, అందులో ఏముందో వివరిస్తూ ‘తజ్కిరా-ఎ-మఖ్తూతాత్’ పేరుతో జిల్దుల కొద్దీ ఫెహ్రిస్త్ అచ్చువేశారు. 1938 నుంచి ‘సబ్‌రస్’ పత్రిక నడిపారు.

పంజాగుట్టలో ఆ కుతుబ్‌ఖానా ఉన్న ఇమారత్ పేరు ఐవాన్-ఎ-ఉర్దూ. దానికి జమీన్ ఇచ్చింది జోర్ సాహెబ్ బేగం తహ్నియతున్నిసా. ఆమె స్వయంగా నాత్‌లు రాసిన షాయరా. ఇప్పుడు పక్కనే ట్రాఫిక్ హోరు. లోపల మాత్రం నాలుగు వందల ఏళ్ల దక్కనీ జుబాన్.

నా ఫికర్ మరొకటి. ఇమారత్ నిలబడింది, కితాబులు నిలబడ్డాయి, మరి చదివేవాళ్లు? నిజాం రియాసత్‌లో 1948 దాకా కచేరీ, అదాలత్ కాగితాలు చాలావరకు ఉర్దూలోనే నడిచాయి. నాలాంటి తెలుగు మీడియం ముసల్మానుకు ఉర్దూ నోటికి వచ్చు, కంటికి రాదు. పైగా పాత దస్తావేజులు షికస్తా ఖత్‌లో ఉంటాయి. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఆ రాతను చదవడం ఉర్దూ వచ్చినవాళ్లకే ముష్కిల్.

అందుకే ఒక గుజారిష్. మీ సందూఖ్ తెరవండి. కాగితాలకు లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. రెండూ వాటిని పాడుచేస్తాయి. ఫోటోలు తీయండి. చదవగలిగిన నానా, దాదీ ఉంటే పక్కన కూర్చుని చదివించుకుని, తెలుగులో రాసిపెట్టండి. పేరు, ఊరు, సాల్ ఉంటే చాలు. జోర్ సాహెబ్ ఒక జుబాన్ మొత్తానికి ఫెహ్రిస్త్ వేశారు. మనం ఒక్క ఇంటికి వేసుకోలేమా? బుజుర్గులు ఉన్నప్పుడే ఈ పని కావాలి.