ఆవిరి లెక్క: పటాన్‌చెరు పారిశ్రామికవాడలు, జాతీయ వాతావరణ విధానం

2025 జూన్ నాటికి దేశపు స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదైంది. 2030 దాకా గడువున్న లక్ష్యం అయిదేళ్ల ముందే చేతికొచ్చింది. ఉత్పత్తిలో మాత్రం బొగ్గు వాటా ఇప్పటికీ సగానికి చాలా పైనే ఉందన్నది వేరే సంగతి. ఈ విజయం సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడలకు ఎంతవరకు చేరిందో తెలుసుకోవాలంటే కరెంటు మీటరు చూస్తే చాలదు, బాయిలర్ దగ్గరకు వెళ్లాలి. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలో రియాక్టర్‌ను వేడిచేయాలి, సాల్వెంట్‌ను మరిగించి తిరిగి పట్టుకోవాలి, తడిపొడిని ఆరబెట్టాలి. వీటన్నిటికీ ఆవిరి కావాలి. ఆ ఆవిరి బొగ్గు నుంచో, వరి ఊక నుంచో, బ్రికెట్ల నుంచో వస్తుంది. మన జాతీయ వాతావరణ విధానం కరెంటును పట్టించుకున్నంతగా ఆవిరిని పట్టించుకోలేదన్నది ఈ వ్యాసం వాదన. ఆ లోటు పూడ్చకుండా శుభ్రమైన ఇంధనమూ పారిశ్రామిక వృద్ధీ ఈ ప్రాంతంలో కలిసి నడవడం కష్టం.

వాగు నుంచి పొగగొట్టానికి

1960లలో బాలానగర్‌లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక, దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. ఈ రెండూ కలిసి హైదరాబాదును మందుల ముడిసరుకుకు కేంద్రంగా మార్చాయి. వెనుకబడిన జిల్లాగా రాయితీలు పొందిన అప్పటి మెదక్ జిల్లాలో, నగరం అంచున, 1970ల నుంచి పారిశ్రామికవాడలు పెరిగాయి. వ్యర్థజలం నక్కవాగులో కలిసింది, నక్కవాగు మంజీరలో కలిసింది. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైంది. స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు దశాబ్దాలపాటు ఆ పోరాటాన్ని మోశారు. ఆ కేసులోనే రైతులకు నష్టపరిహారం చెల్లించాలన్న ఆదేశాలు వచ్చాయి. ఉమ్మడి శుద్ధికేంద్రమూ వచ్చింది. అయితే 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు ప్రకటించింది. అది మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే ఎక్కువ. 2009 నాటి కాలుష్య సూచీలో పటాన్‌చెరు–బొల్లారం తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేరింది. 2010 జనవరిలో అలాంటి ప్రాంతాల్లో కొత్త అనుమతులపై కేంద్రం తాత్కాలిక నిషేధం పెట్టింది. శుద్ధిచేసిన నీటిని నగర మురుగుకాలువల ద్వారా అంబర్‌పేటకు చేర్చే పైప్‌లైను కూడా వేశారు. మంజీర మీది భారం కొంత మూసీ మీదికి మళ్లింది.

ఆ తర్వాత వచ్చింది జీరో లిక్విడ్ డిశ్చార్జి, అంటే ద్రవవ్యర్థం గేటు దాటకూడదన్న నియమం. నియమం సరైనదే. కానీ గాఢమైన ఉప్పునీటిని లోపలే ఇంకించాలంటే మరిగించడం తప్ప గత్యంతరం లేదు. అందుకే పెద్ద, మధ్యతరహా కంపెనీల్లో మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్లు వెలిశాయి. పర్యావరణం కోసం పెట్టిన యంత్రమే బొగ్గు తినే యంత్రమైంది. వాగులో కనిపించే కాలుష్యం పొగగొట్టంలో కనిపించని కాలుష్యంగా మారింది. ఈ మార్పును లెక్కించే బాధ్యత ఏ శాఖకూ అప్పగించలేదు. నీరు ఒకరిది, పొగ ఒకరిది, ఇంధన పొదుపు మరొకరిది.

ఒక అంచనా వేసుకుందాం. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావాలి. మూడంచెల ఎవాపరేటర్‌లో అదే వేడిని మళ్లీమళ్లీ వాడతారు కాబట్టి టన్ను నీటికి దాదాపు 400 కిలోల ఆవిరి సరిపోతుందనుకుందాం. కిలో దేశీయ బొగ్గు అయిదు కిలోల ఆవిరినిస్తుందనుకుంటే 80 కిలోల బొగ్గు కాలాలి. దానినుంచి నూరు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇదే పనిని మెకానికల్ వేపర్ రీకంప్రెషన్‌తో చేయవచ్చు. నీటినుంచి లేచిన ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి, దాని వేడిని పెంచి తిరిగి వాడుకోవడమే ఇందులోని కిటుకు. అనుకూలమైన నీటికి టన్నుకు 40 యూనిట్ల కరెంటు సరిపోతుందనుకుంటే, మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 28 కిలోల ఉద్గారమే. బొగ్గు ఎక్కువగా ఉన్న నేటి గ్రిడ్‌తోనే ఇంత తేడా. మందుల కంపెనీ వ్యర్థంలో లవణాలు ఎక్కువ, మరిగే ఉష్ణోగ్రతా ఎక్కువ, కాబట్టి అన్నిచోట్లా ఇంత లాభం రాదు. కనీసం తొలి దశలో, లవణం తక్కువగా ఉన్నప్పుడు, దీన్ని తోసిపుచ్చడానికి కారణం కనిపించదు. మొదటి పెట్టుబడి ఎక్కువన్నదే అసలు అడ్డంకి. అది ఇంజనీరింగ్ సమస్య కాదు, విధానం తీర్చగల సమస్య.

విధానం గీసిన గీతలు

2008 జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలోని ఇంధన సామర్థ్య మిషన్ కింద 2012లో ‘పాట్’ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం మొదలైంది. తొలి విడతలో ఎనిమిది రంగాలు, 478 కర్మాగారాలు. సిమెంటు, ఉక్కు, ఎరువులు, కాగితం, జౌళి ఉన్నాయి, మందులు లేవు. ఏడాదికి ఇన్నివేల టన్నుల చమురుకు సమానమైన శక్తి వాడితేనే లెక్కలోకి రావడం పద్ధతి. సిమెంటుకు 30,000, జౌళికి 3,000. పటాన్‌చెరులో వందలాది పొగగొట్టాలున్నా వాటిలో ఎక్కువభాగం విడివిడిగా చిన్నవి, కలిపి చూస్తేనే పెద్దవి. విధానమేమో ఒక్కొక్కదాన్నే చూస్తుంది. 2022లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ల మార్కెట్‌ను ప్రకటించినప్పుడు కూడా లక్ష్యాల కోసం ఎంచుకున్న తొమ్మిది రంగాల్లో మందుల తయారీకి చోటు దొరకలేదు.

బొగ్గు సెస్సు కథ ఇంకా విచిత్రం. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు చేరింది. శుభ్ర ఇంధన నిధి పేరుతో వసూలైన ఈ డబ్బు 2017లో జీఎస్టీ పరిహార సెస్సులో కలిసిపోయింది, అంటే రాష్ట్రాల ఆదాయలోటు పూడ్చడానికి వెళ్లింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సెస్సు కూడా పోయి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. పైకి పన్ను పెరిగినట్టే ఉంది. కానీ కంపెనీ కట్టిన జీఎస్టీని తాను అమ్మే సరుకు పన్నులో సర్దుకోవచ్చు, సెస్సుకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి బాయిలర్ యజమాని మోసిన అసలు భారం, కార్బన్ డయాక్సైడ్ టన్నుకు లెక్కవేస్తే సుమారు 250 రూపాయలు, ఇప్పుడు లేదు. దేశంలో కార్బన్‌కు ఉన్న ఆ కాస్త ధరను పెద్ద చర్చ లేకుండానే తీసేశామని నా అభిప్రాయం.

మరోవైపు 2020లో చైనా మీద ఆధారపడటం తగ్గించుకోవడానికి బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించారు. ప్రోత్సాహం అమ్మకాల మీద లెక్కిస్తారు, ఆ సరుకుకు ఎంత ఆవిరి ఖర్చయిందన్న ప్రశ్న అందులో లేదు. అదే సమయంలో కొనుగోలుదారులు ఆ ప్రశ్న అడుగుతున్నారు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2045 నాటికి సరఫరాదారుల ఉద్గారాలతో సహా నికర సున్నాకు చేరాలని నిర్ణయించుకుంది. ఐరోపా సరిహద్దు కార్బన్ పన్ను ఇంకా మందులను తాకలేదు, పెద్ద కొనుగోలుదారుల ప్రశ్నావళి తాకింది. పైసల్లో లాభం లెక్కేసుకునే ముడిసరుకు వ్యాపారంలో ఆర్డరు పోవడానికి ఇది చాలు.

పగటి కరెంటు, రాత్రి వాగు

2022 జూన్‌లో వచ్చిన గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు నేరుగా హరిత విద్యుత్ కొనే అర్హతను ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించాయి. చిన్న కంపెనీకి తలుపు తెరుచుకుంది. తలుపు అవతల తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) ఉంది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఇచ్చే రాష్ట్రంలో పరిశ్రమల హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ల బిల్లులు డిస్కమ్‌కు ఊపిరి. కంపెనీలు ఒక్కొక్కటిగా బయటి కరెంటుకు వెళ్తే ఆ లోటు ఎవరు భరించాలి? బయటి కరెంటు కొనేవారిపై వేసే క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి మీద కంపెనీలకూ డిస్కమ్‌లకూ మధ్య పేచీ అంతా ఇక్కడిదే. అయితే ఆవిరిని కరెంటు వైపు మళ్లిస్తే పరిస్థితి వేరు. అది పాత గిరాకీని లాక్కోదు, నేడు బొగ్గు వ్యాపారికి పోతున్న డబ్బును డిస్కమ్‌కు తెస్తుంది. వేడిని విద్యుదీకరించే కంపెనీకి ఆ అదనపు లోడు మీద సర్‌చార్జి మినహాయిస్తే డిస్కమ్‌కు కొత్తగా పోయేది తక్కువ.

2023 విద్యుత్ నిబంధనలు సూర్యుడున్న వేళ టారిఫ్ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నాయి. కంప్రెసర్‌తో నడిచే ఎవాపరేటర్ ఇందుకు బాగా కుదిరే లోడు. రియాక్షన్ మధ్యలో ఆగలేదు, వ్యర్థజలం ట్యాంకులో ఆగగలదు. కాగితం మీద ఇది చక్కగానే ఉంది. కానీ ఈ ప్రాంతంలో వ్యర్థజలాన్ని నిల్వ చేయడమంటే కేవలం సాంకేతిక విషయం కాదు. వాన పడిన రాత్రి వాగు రంగు మారడం ఇక్కడి ఊళ్లకు కొత్త కాదు. ట్యాంకు మట్టం, ఎవాపరేటర్ నడిచిన గంటలు, వాడిన యూనిట్లు మూడూ కలిపి కాలుష్య నియంత్రణ మండలికి చేరేలా చేయనిదే చౌక టారిఫ్ ఇవ్వకూడదు. కరెంటు లెక్కే ఇక్కడ వాగుకు కాపలా కాగలదు. మరిగించాల్సిన నీటికి సరిపడా యూనిట్లు కాలలేదంటే, ఆ నీరు ఎక్కడికి పోయిందని అడగవచ్చు.

ఊక సంగతి కొంత వేరు. ధాన్యం బరువులో దాదాపు అయిదోవంతు ఊక. వరి విపరీతంగా పెరిగిన తెలంగాణలో ఇది చేతికందే ఇంధనం, బొగ్గుకు మెరుగైన ప్రత్యామ్నాయమే. కానీ రైస్‌మిల్లులకూ అదే కావాలి, సీజన్‌ను బట్టి ధర ఊగుతుంది, బూడిద పారబోసే చోటు ఎవరికీ అక్కరలేదు. పక్కపక్కనున్న ఇరవై కంపెనీలు ఇరవై చిన్న బాయిలర్లు నడిపే బదులు పారిశ్రామికవాడకొక ఉమ్మడి బాయిలర్ ఉండి, పైపుల్లో ఆవిరి అమ్మితే ఊకను సక్రమంగా కాల్చడం, బూడిదను పట్టుకోవడం సులువవుతుంది. ఉమ్మడి శుద్ధికేంద్రం అనుభవం చేదుగా ఉన్న మాట నిజమే. అక్కడ ఎవరు ఏం పంపారో తేలక బాధ్యత చెదిరిపోయింది. ఆవిరికి ఆ చిక్కు లేదు, తీసుకున్నవాడు మీటరు ప్రకారం డబ్బు కడతాడు.

2025 జులైలో కేంద్రం చిన్న, మధ్యతరహా పరిశ్రమల ఇంధన సామర్థ్యం కోసం 1,000 కోట్ల రూపాయలతో ‘అదీతి’ పథకం ప్రారంభించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు వడ్డీలో 5 శాతం, మధ్యతరహా సంస్థలకు 3 శాతం రాయితీ. మందుల రంగం ఇందులో ఉంది, ఇన్నాళ్ల లోటులో ఇది మొదటి మేలు. దానికి రెండు జతచేయాలి. ఒకటి, ఒక్కో కంపెనీకి కాక పారిశ్రామికవాడ మొత్తానికి రుణం. రెండు, ఇంధన ఆడిట్‌తోపాటే భద్రతా ఆడిట్. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది పొట్టచేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. వేడి, పీడనం, పొడి కలిసే చోట పాత యంత్రాన్ని మార్చడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తున్నప్పుడు, ఉద్గారం ఎంత తగ్గిందని మాత్రమే అడిగి ఊరుకోవడానికి లేదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని చాలా చిన్నది. చిన్న కంపెనీల్లో ఆవిరి మీటరు అరుదు, బొగ్గు లారీల లెక్కే లెక్క. సుప్రీంకోర్టు ఆదేశాల పుణ్యమా అని ప్రమాదకర వ్యర్థాల వివరాలతో గేటు బయట బోర్డు పెట్టడం ఇప్పటికే అలవాటైంది. అందులో కిలో సరుకుకు ఎన్ని కిలోల ఆవిరి అన్న గడి ఇంకా లేదు.