ధర్మపురిసీమలో నంతర్జాల ప్రవేశచరిత్ర

గోదావరి దక్షిణతీరమున వెలసిన ధర్మపురి ప్రసిద్ధ నృసింహక్షేత్రము. శేషప్పకవి తన నరసింహశతకమునఁ బ్రతిపద్యాంతమునందును ఈ పురమును స్మరించి యుండుటచే దీని పేరు తెలుఁగునాఁట బడిపిల్లలకు సైతము కంఠస్థమైనది. ఈ క్షేత్రమును, దాని సమీపమున నున్న జగిత్యాల, కోరుట్లలును, దక్షిణమున సిరిసిల్లయుఁ గూడిన ప్రదేశము ప్రకృతవ్యాసమున ధర్మపురిసీమ యని వ్యవహరింపఁబడుచున్నది. ఈ సీమకు నంతర్జాలమును, సెల్లుఫోనును ఎట్లు వచ్చినవి, వాని నాశ్రయించి పుట్టిన క్రొత్త సంస్థలకు మూలధనమేమి యనునవి యిందు విచార్యములు. హైదరాబాదునందలి సంస్థలు దారిచూపఁగా నీ యూళ్ళు వెంబడించినవని సామాన్యాభిప్రాయము. ఆధారములఁ బరిశీలించినచో నది సగము మాత్రమే నిజమని తోఁచును. ఇచ్చట యంత్రముకంటె ముందు దాని యక్కఱ పుట్టినది; ఆ యక్కఱకు మూలము వలస.

1970వ దశకమున గల్ఫుదేశములకుఁ జమురుసంపద పెరిగి, కట్టడపుఁ బనులకుఁ గూలివాండ్రు కావలసివచ్చిరి. నాఁటి కరీంనగరుజిల్లా పల్లెలనుండి వేలకొలఁది జనులు దుబాయి, సౌదీ అరేబియా, కువైటు, బహ్రెయినులకుఁ బోయిరి. సిరిసిల్ల పద్మశాలీలు అంతకుముందే బొంబాయి, భివండి, షోలాపురముల మగ్గములకు వలసపోయి యుండిరి. సముద్రము దాఁటినవాని క్షేమవార్త యింటికి వచ్చుటకు వారములు పట్టెడిది. అంతకంటె మించిన చిక్కు మఱియొకటి కలదు. ఉత్తరము వ్రాయువాఁడును జదువరి గాఁడు, అందుకొన్న యామెయుఁ జదువరి గాదు. వ్రాయించుకొనుటకు నొకరిని, చదివించుకొనుటకు మఱియొకరిని ఆశ్రయింపవలెను. ఆలుమగల మాట మూఁడవవాని నోటఁ బడుట యెంత క్లేశమో ఊహింపవచ్చును. అందువలననే పలుకులను క్యాసెట్లలో నింపి, సెలవుమీఁద నింటికి వచ్చువారిచేతఁ బంపు నాచారము వలసకుటుంబములలో నేర్పడినది. అక్షరమును దాఁటి ధ్వనిచేత దూరమును జయించు ప్రయత్నము, చూడఁగా, అంతర్జాలమునకుఁ బూర్వమే యారంభమైనది.

భారతదేశమున సెల్లుఫోనుమీఁద మొదటి సంభాషణ 1995 జూలై 31వ తేదీని జరిగెను. కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరామునితో మాటలాడెను. అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీని విదేశ సంచార నిగమము అంతర్జాలమును బ్రజలకందఱకుఁ దెఱచెను. అది మొదట మహానగరములకే పరిమితము. పల్లెలకు నిజముగా నుపకరించిన మార్పు 2003లో వచ్చినది. ఆ యేఁటనుండి ఫోను చేసినవాఁడే మూల్యము చెల్లించును, అందుకొన్నవానికి వ్యయము లేదు. ఇది చిన్న నిబంధనవలెఁ గానవచ్చును గాని, దుబాయినుండి కొడుకు చేయు పిలుపును కోరుట్ల ప్రక్కపల్లెలో నుండి తల్లి నిర్భయముగా నందుకొనఁ గలుగుటకుఁ గారణ మిదియే.

సంక్షిప్తసందేశముల కాలము తరువాతిది. 2006లో హైదరాబాదున రాజు వనపాల యారంభించిన వే2ఎస్సెమ్మెస్సు అను సంస్థ, కంప్యూటరునుండి సెల్లునకు రుసుము లేకుండ సందేశములఁ బంపు నేర్పాటు కల్పించి, కళాశాలావిద్యార్థులకు నిత్యోపయోగియైనది. 2011లోఁ బ్రభుత్వనియంత్రణసంస్థ దినమున కింతకు మించి సందేశములఁ బంపరాదని హద్దు విధించెను. పిమ్మట వాట్సాపు వచ్చి యా వర్తకమును మూలచ్ఛేదము చేసినది. ఆ సంస్థ తన వృత్తిని మార్చుకొని, వే2న్యూసు పేరితోఁ దెలుఁగున లఘువార్తల నందించునదియై బ్రదికినది.

ఆ సందేశములు తెలుఁగుమాటలే యైనను రోమను లిపిలో వ్రాయఁబడెడివి. తెలుఁగక్షరములకు యూనికోడునందు 1991లోనే స్థానము దొరకినది; తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరులోఁ బుట్టినది; అయినను చేతిలోని ఫోనులు చాలకాలము తెలుఁగు నెఱుఁగవు. కల, కళ, కాల యనునవి మూఁడును రోమను లిపిలో నొక్కరూపమే తాల్చును. హ్రస్వదీర్ఘభేదము గాని, లళభేదము గాని నిలువదు. దీనిని జూచి తెలుఁగులిపికిఁ గాలము చెల్లినదని విలపించిన పండితులు కొందఱు గలరు. వారి భయము నిరాధారము గాదు గాని, ధర్మపురిసీమలో వాస్తవము వేఱొక తెఱఁగున నడచినది. జనులు రోమను లిపిని నేర్చుటకుఁ బూర్వమే లిపియక్కఱ తగ్గినది.

అది యెట్లనఁగా, 2013 ఆగస్టులో వాట్సాపునందు గొంతు నింపి పంపు సౌకర్యము చేర్పఁబడినది. మీట నొక్కి మాటలాడి వదలిన నది చేరును. క్యాసెట్టు చేసిన పనినే యిది క్షణములోఁ జేసినది, నడుమ మూఁడవవాఁడు లేఁడు. ముఖము చూచి మాటలాడు నేర్పాటునకు మాత్రము గల్ఫుప్రభుత్వములు చాలకాలమడ్డుపెట్టినవి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో నా నిషేధమును సడలించెను. వలసకుటుంబములలోఁ జదువురాని స్త్రీలు తొలుతఁ బట్టిన యంత్రవిద్య యిదియే. వారికి సామాజికమాధ్యమ మనఁగా నపరిచితులతోడి స్నేహము గాదు, ఇంటివానితో మాట.

2012లో జగిత్యాలప్రాంతపు మల్యాల మండలమునందలి లంబాడిపల్లెయందు, కొండగట్టునకు సమీపముననే, శ్రీరామ్ శ్రీకాంత్ అను యువకుఁడు మై విలేజ్ షో అనుపేర యూట్యూబులో లఘుచిత్రముల నారంభించెను. వస్తువు పల్లెబ్రదుకు: పండుగలు, పెండ్లిండ్లు, పొలముపనులు, పట్టణమునుండి వచ్చినవాని డంబము. నటులు ఊరివారే, రంగము ఊరిబాటయే. వీథిభాగోతములందలి హాస్యమునకు దీనికి దగ్గఱచుట్టఱిక మున్నదని చెప్పినఁ దప్పు గాదు. ఆదాయమార్గము నిచ్చట వివరింపవలసి యున్నది. దృశ్యములకు నడుమఁ జూపెడు ప్రకటనలవలన వచ్చు సొమ్మునందుఁ బెద్ద దృశ్యములకు నూటికి 55 పాళ్ళు చిత్రకర్తకును, మిగిలినది యూట్యూబునకును జెందును. 2018నుండి యీ హక్కు పొందుటకు వేయిమంది చందాదారులును, ఒక యేఁటిలో 4000 గంటల వీక్షణమును ఉండవలెనని నియమము. కనుక పల్లెలో నెంత ప్రతిభ యున్నను, చూచువారు విస్తారముగా లేనిదే యట్టి సంస్థకుఁ గూడు లేదు.

చూచువారు 2016లో వచ్చిరి. ఆ యేఁడు సెప్టెంబరు 5వ తేదీని జియోసంస్థ కొన్ని నెలలపాటు వెల లేకుండ నంతర్జాలము నిచ్చుటతో దేశమంతట దాని ధర యొక్కమాఱుగాఁ బడిపోయినది. అక్టోబరు 11వ తేదీని జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ప్రత్యేకముగా నేర్పడినవి. సంబంధము లేని యీ రెండు సంగతులు నైదువారముల యెడములో జరిగినవి. లంబాడిపల్లె చిత్రముల చందాదారులు క్రమముగాఁ బదిలక్షలకు మించిరి. వీరిలో స్వదేశమునందున్నవారితోఁబాటు, క్యాసెట్లు పంపుకొన్న యా వలసజనమును, వారి బిడ్డలును గలరు.

ఈ చిత్రములవలన బ్రసిద్ధికెక్కిన మిల్కూరి గంగవ్వ వ్యవసాయకూలి, బీడీలు చుట్టి జీవించినది, బడిచదువు లేనిది. సంభాషణ వ్రాసియిచ్చినఁ జదువలేదు. సందర్భము చెప్పినఁ దనమాటలో నాడును. 2019లో 'మల్లేశం' చిత్రమున నటించెను. 2020 సెప్టెంబరులో బిగ్ బాస్ నాల్గవ విడతలోఁ బ్రవేశించి, యారోగ్యము సరిపడక నడుమనే మరలివచ్చెను. 2024లో నెనిమిదవ విడతకు మరలఁ బోయెను. ఆమె నోట 'అచ్చిండు', 'గట్ల', 'గిట్ల' అను రూపములు యథాతథముగా వెలువడును. 'అచ్చిండు' అనునది యపభ్రష్ట మని త్రోసిపుచ్చుట సులభము. వచ్చినాఁ డను రూపమున నాద్యవకారము లోపించి, కడపటి దీర్ఘము సంకోచించి యది యేర్పడిన దనినచో క్రమము కానవచ్చును; క్రమమున్నచోట వ్యాకరణమున్నది. చలనచిత్రములలోఁ జిరకాలము ఈ ప్రాంతపుఁ బలుకు దుష్టపాత్రకో, నవ్వులపాత్రకో మాత్రమే దక్కెడిది. ఆ పలుకునే నాయకస్థానమునఁ గూర్చుండఁబెట్టినది సాహిత్యపరిషత్తులు గావు, ఈ పల్లెచిత్రములు. 2025 ఆగస్టులో జీ5 మాధ్యమమునందు వెలువడిన 'మోతెవరి లవ్ స్టోరీ' అను ధారావాహికయు నీ బృందమునుండి వచ్చినదే. మోతెవరి యనునది కోస్తాలోని మోతుబరియే. అరబ్బీమూలము గలిగి హిందూస్థానీద్వారా తెలుఁగునఁ జేరిన పదము.

ఇఁక హైదరాబాదు మాట. 2015 నవంబరులో నంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ ప్రాంగణమున టీ-హబ్ స్థాపింపఁబడెను. 2022 జూన్ నెలలోఁ బెద్ద భవనము తెఱవఁబడెను. నాఁటి సాంకేతికశాఖామాత్యుఁడు కల్వకుంట్ల తారకరామారావు సిరిసిల్లనుండి యెన్నికైనవాఁడే. అచ్చటి సంస్థలను బత్రికలు అంకురసంస్థ లనుచున్నవి. అంకురమువంటి సంస్థ యని విగ్రహము. సమాసము నిర్దుష్టము, అర్థము రమ్యము. అచ్చటివారికి మూలధనము పెట్టుబడిదారుఁ డిచ్చును. లంబాడిపల్లెవారికి మూలధనము భాష. ఈ భేదమును గుర్తింపక రెంటిని నొక్కగాటఁ గట్టుట చరిత్రకారునకుఁ దగదు.

అయితే యీ భాషాధనము ఎవరి కొట్టులో నున్నది? ఈ చిత్రములును, సంభాషణలును నిలిచియున్నది పరదేశసంస్థల యంత్రములలో. 2004 జనవరిలో నారంభమై భారతదేశయువకులను మొదట నాకర్షించిన ఆర్కుటు 2014 సెప్టెంబరు 30వ తేదీని మూయఁబడినది. పదియేండ్ల పలుకరింపులు దానితోఁ బోయినవి. 2020 జూన్ 29వ తేదీని కేంద్రప్రభుత్వము టిక్‌టాకుతోఁ జేర్చి 59 మాధ్యమములను నిషేధింపఁగా, పల్లెయువతీయువకులు దానిలోఁ బెట్టిన పాటలు, పలుకులు నొక్కరాత్రిలో నీ దేశమువారికిఁ గానరానివైనవి. నిషేధము మంచిచెడ్డలు రాజనీతిజ్ఞుల విషయము. పరిశోధకునకు మాత్ర మది యాధారనష్టము.

లంబాడిపల్లెకుఁ గొలఁదిదూరమున, గంగాధర మండలములోని కురిక్యాలయందు, బొమ్మలమ్మగుట్టమీఁద పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు చెక్కించిన శాసనము గలదు. అందు సంస్కృత కన్నడములతోఁ గూడ మూఁడు తెలుఁగు కందపద్యములున్నవి. పంపకవి యాశ్రయించిన చాళుక్యుల రాజధాని వేములవాడ నేఁడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. పదవశతాబ్దినాఁటి యా యక్షరముల నిప్పటికిని గుట్టయెక్కి చదువవచ్చును. పదునేను వత్సరములు నిండని టిక్‌టాకు పలుకులను జూచుటకు దారి లేదు.

కావున నీ దృశ్యములలోని సంభాషణములను దెలుఁగులిపిలో నెత్తివ్రాసి, తేదీయు, ఊరుపేరును, పలికినవారి యీడును వృత్తియుఁ జేర్చి, యొక ప్రతిని ప్రాంతీయగ్రంథాలయములలో నుంచుట తక్షణకర్తవ్యము. మొదట సిరిసిల్ల మగ్గపు మాటలను, జగిత్యాల బీడీపనివారి మాటలను దీసికొనుట మేలు. ఆ రెండు వృత్తులందును ముసలివారే యా పదములను గుఱుతెఱుఁగుదురు, వారి సంతానము గల్ఫులో నున్నది.