రహదారి భద్రత: పోలీసు శిక్షణ (శిడ్లఘట్ట ప్రాంతం)

కర్ణాటకలోని శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోవి. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లే 44వ జాతీయ రహదారి (పాత నంబరు 7) చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా ఆంధ్ర సరిహద్దు దాటుతుంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు వచ్చే బండ్ల రద్దీ దీనికి అదనం. అందుకే ఇక్కడి ఠాణాలకు రోడ్డు ప్రమాదాల దర్యాప్తు నిత్యకృత్యం.

1914, 1939 మోటారు వాహనాల చట్టాల కాలంలో ట్రాఫిక్ శిక్షణ ప్రధానంగా చేతి సైగలు, లైసెన్సు తనిఖీ, కేసు నమోదు వరకే సాగింది. వాటి స్థానంలో 1988 చట్టం మరుసటి ఏడాది జూలై 1న అమల్లోకి వచ్చింది.

శిక్షణలో అసలైన మలుపు 2014లో సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీని నియమించడంతో మొదలైంది. క్షతగాత్రులను ఆదుకున్నవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను కోర్టు 2016 మార్చి 30న ఆమోదించింది. అలాంటివారి రక్షణకు చట్టం చేసిన తొలి రాష్ట్రంగా కర్ణాటక మెచ్చదగిన చొరవ చూపింది. 1988 చట్టానికి 2019లో చేసిన సవరణతో ఆ రక్షణ 134ఎ సెక్షన్‌గా దేశమంతటికీ వచ్చింది. సాయపడినవాడిని సాక్షిగా నిలబెట్టి తిప్పే పాత అలవాటును మాన్పించడం శిక్షణలో భాగమైంది.

రోడ్డు ప్రమాదాల వివరాలు నమోదు చేసేందుకు ఐఐటీ మద్రాసు రూపొందించిన ఐరాడ్ వ్యవస్థ 2021లో ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. కర్ణాటక అందులో ఒకటి. ప్రమాదస్థలంలోనే ఫొటోలు తీసి, వివరాలను మొబైల్ యాప్‌లో ఎక్కించడం పోలీసులు నేర్చుకున్నారు. రోడ్డు ఇంజనీర్లు, రవాణా శాఖ, ఆసుపత్రులు కూడా అందులో తమ వంతు నమోదు చేస్తాయి. ఇలాంటి లెక్కలే బ్లాక్‌స్పాట్లను పట్టిస్తాయి. 500 మీటర్ల జాతీయ రహదారిలో మూడేళ్లలో 10 మరణాలు సంభవిస్తే, లేదా మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ప్రమాదాలు ఐదు జరిగితే అది బ్లాక్‌స్పాట్. తప్పు డ్రైవరుదా, మలుపుదా అని అడగడం ఇలా దర్యాప్తులోకి వచ్చింది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. ట్రిబ్యునల్ దాన్నే పరిహారపు దరఖాస్తుగా తీసుకుంటుంది.

2023 అక్టోబరు 26 ఉదయం పొగమంచులో చిక్కబళ్లాపురం వద్ద ఆగి ఉన్న ట్యాంకరును సుమో ఢీకొని 13 మంది మరణించారు. ఆంధ్ర నుంచి బెంగళూరు పనులకు వెళ్లే కూలీలు వారిలో ఉన్నారు. ఇలాంటి ప్రమాదాల్లో మృతుల కుటుంబాలకు పరిహారం ఆ నివేదికలను బట్టే వస్తుంది. ఠాణా రికార్డు కన్నడంలో నడిచే ఈ సీమలో క్షతగాత్రులు, సాక్షులు చాలామంది తెలుగులోనే చెబుతారు. రెండు భాషలూ వచ్చిన సిబ్బంది ఇక్కడి దర్యాప్తుకు పెద్ద బలం.