వెనుకబడిన బిడ్డకు వంతెన: వికారాబాదు, తాండూరు సీమల కథ

పాఠశాలలో వెనుకబడిన బిడ్డను గూర్చి మనము సాధారణముగా రెండు మాటలు వినుచుందుము. వాని తలకు చదువెక్కదనునది మొదటిది. వాని తలవ్రాత అంతేననునది రెండవది. రెండు మాటలును చెప్పుటకు సులభములు. ఏలయనగా అవి చెప్పిన పిమ్మట ఎవరును ఏమియు చేయవలసిన పని యుండదు. అట్లు కాదు, చేయవలసిన పని కలదని నిలిచినవారి చరిత్రయు మన తెలుగునేలపై కలదు. అందొక ముఖ్యమైన అధ్యాయము హైదరాబాదునకు పడమట, వికారాబాదు, తాండూరు పట్టణములు ఒకప్పుడు చేరియుండిన జిల్లాలో జరిగినది. దానిని నేడు శ్రోతలతో కలసి నెమరువేసికొనదలచినాము.

అసలు 'వెనుకబడుట' యనుమాట తరగతితోపాటు పుట్టినది. పూర్వపు వీధిబడిలో ఇసుకలో అక్షరములు దిద్దు బిడ్డయు, శతకపద్యములు వల్లించు బిడ్డయు ఒకే అరుగుపై కూర్చుండెడివారు. పెద్దపిల్లవాడు చిన్నవానికి చెప్పెడివాడు. పంతులు ఒక్కొక్కని వద్దకు వచ్చి అప్పగింపించుకొనెడివాడు. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమమును నడపిన ఆండ్రూ బెల్ ఈ విధానమును తన బడిలో అనుసరించి, 1797లో దానినిగూర్చి ఇంగ్లండులో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అదియే ఆ దేశమున 'మద్రాసు పద్ధతి' యని పేరొందినది. అయినను వీధిబడిని మితిమీరి పొగడనక్కరలేదు. అక్కడ బెత్తము కలదు, కోదండము కలదు. ఆడపిల్లలకును, అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకును ఆ అరుగు సామాన్యముగా అందలేదు. కాని ఎవని నడక వానిదైనచోట 'తప్పినవాడు' అను బిరుదము లేకుండెను.

తరువాత ఒకే వయస్సు, ఒకే పుస్తకము, ఒకే గడువు అను ఏర్పాటు వచ్చెను. గడువులో చేరలేనివాడు ఆ తరగతిలోనే నిలిచిపోయెను. కొన్నాళ్లకు బడినే విడిచిపోయెను. ఈ చిక్కు మనది మాత్రమే కాదు. నిర్బంధవిద్య అమలైన ఫ్రాన్సులోను ఇదే ప్రశ్న వచ్చెను. ఎవరికి ప్రత్యేకబోధన అవసరమో గుర్తించుటకై ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోను అనువారు 1905లో ఒక పరీక్షను రూపొందించిరి. బిడ్డ బుద్ధి మార్పులేని కొలత యనుటను బినే ఒప్పుకొనలేదు; అభ్యాసముచే అది పెంపొందునని ఆయన వాదించెను. సాయపడుటకు చేసిన ఆ కొలబద్దనే తరువాతివారు అనేకులు ముద్రవేయుటకు వాడుకొనిరి. ఈ హెచ్చరికను మనము మనసులో నుంచుకొని ముందునకు సాగుదము.

వికారాబాదనగానే అనంతగిరి కొండలును, అచ్చట పుట్టిన మూసీనదియు గుర్తునకు వచ్చును. తాండూరనగానే నాపరాయియు, కందిపప్పును గుర్తునకు వచ్చును. వాడినుండి సికింద్రాబాదునకు 1874లో పడిన రైలుమార్గము ఈ రెండు ఊళ్లను కలుపుచున్నది. కాని చదువు విషయమున ఈ సీమ బిడ్డలకు దారి అంత తిన్నగా లేకుండెను. నిజాము రాజ్యమున పైచదువులు ఎక్కువగా ఉర్దూలో సాగెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. ఇంటిలో తెలుగు మాటలాడు రైతుబిడ్డ మొదట పరభాషను నేర్చి, ఆ భాషలో లెక్కలును చరిత్రయు నేర్వవలసియుండెను. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలు మాతృభాషలో విద్యాబోధన కావలెనని కోరినవి. 1936లో షాద్‌నగరులో జరిగిన మహాసభకు కొండా వెంకట రంగారెడ్డిగారు అధ్యక్షత వహించిరి. వారి పేరనే 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినది.

తాండూరు సంగతి మరికొంత విశేషమైనది. 1956 నవంబరు 1వ తేదీవరకు అది గుల్బర్గా జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్విభజనలో అది ఆంధ్రప్రదేశమున చేరినది. పిమ్మట రంగారెడ్డి జిల్లాలోనికి వచ్చి, 2016 అక్టోబరులో క్రొత్తగా ఏర్పడిన వికారాబాదు జిల్లాలో కలిసినది. జిల్లాల పేర్లు మారినను ఇంటిభాషలు మారలేదు. తెలుగు, కన్నడము, ఉర్దూ, తండాలలో లంబాడీ వినిపించు ఈ సరిహద్దున, మొదటి తరగతిలో అడుగుపెట్టిన బిడ్డలలో కొందరికి పుస్తకములోని తెలుగే క్రొత్తభాష. అట్టి బిడ్డ మౌనముగా కూర్చున్నచో అది మందబుద్ధియని భావించుట పొరపాటు.

స్వాతంత్ర్యానంతరము ఊరూర బడులు వెలసినవి. బిడ్డల పేర్లు హాజరుపట్టీలో కెక్కినవి; కాని చాలమంది పశువుల వెంటను, ప్రత్తిచేలలోను, చెల్లెండ్లను ఎత్తుకొనియు కనుపించిరి. 1979–80 ప్రాంతమున ప్రభుత్వము అనియత విద్యాకేంద్రములను ప్రారంభించినది. పగలు పనిచేసిన బిడ్డకు సాయంకాలము రెండుగంటలు చదువు చెప్పుట దాని సారాంశము. ఉద్దేశము మంచిదే. కాని పగలంతయు అలసిన బిడ్డ లాంతరు ముందు కునికిపాట్లు పడక ఏమిచేయును? బిడ్డ పనిని అట్లే యుంచి చదువును దాని ప్రక్కన ఒదిగించుట సాధ్యమా యను ప్రశ్న అప్పుడే తలయెత్తెను.

గడచిన కాలమును తిరిగి సంపాదించు ఉపాయము మనవారికి పూర్వమే తెలియును. రాజమహేంద్రవరమున జన్మించిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ బాల్యవివాహమును త్రోసిపుచ్చి, ప్రైవేటుగా చదివి బెనారసు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గిరి. అదే పరీక్షకు మద్రాసులోని ఆంధ్ర మహిళాసభ స్త్రీలను తయారుచేసినది. ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన పిమ్మట, 1958లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ప్రవేశపెట్టిరి. పది సంవత్సరముల మెట్లను రెండు మూడు సంవత్సరములలో ఎక్కించుటయే దాని రహస్యము. కావలసినది పూర్తికాలపు చదువు, ఓపికగల గురువు, నిర్ణీతమైన గమ్యము.

ఈ ఆలోచనకే పిల్లల విషయమున క్రొత్తరూపము రంగారెడ్డి జిల్లాలో వచ్చినది. చరిత్రకారుడును, రాజనీతిశాస్త్ర పండితుడును అయిన మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేరిట 1981లో ఒక సంస్థ నెలకొన్నది. వారి మనుమరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు శ్రీమతి శాంతా సిన్హా 1980లలో శ్రామిక విద్యాపీఠము ద్వారా వెట్టికార్మికులలో పనిచేయుచుండగా, వారిలో గొప్పభాగము బాలబాలికలేయని తెలిసికొనిరి. 1991లో ఆ సంస్థ రంగారెడ్డి జిల్లాలోని కొలది గ్రామములలో ఈ బిడ్డలకై పని ప్రారంభించినది. దాని సూత్రము సూటియైనది: బడి వెలుపలనున్న ప్రతి బిడ్డయు బాలకార్మికుడే, ప్రతి బిడ్డయు పగటిపూట నడచు మామూలు బడికే పోవలెను. సాయంకాలపు చదువుతో సరిపెట్టుకొనుట లేదు.

అయితే పన్నెండేండ్ల బాలుని ఆరేండ్లవారితో ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టినచో వాడు సిగ్గుతో మరునాడే పారిపోవును. వాని వయస్సునకు తగిన తరగతిలో కూర్చుండబెట్టినచో పాఠమర్థముకాక పారిపోవును. ఈ రెండు గట్ల నడుమ వేసిన వంతెనయే 'బ్రిడ్జి కోర్సు'. చిన్నబిడ్డలను నేరుగా బడిలో చేర్చెడివారు. తొమ్మిది మొదలు పదునాలుగేండ్లవారిని ఆవాసశిబిరములకు తెచ్చెడివారు. తొలిరోజులలో వేసవిసెలవులందు ఖాళీగానుండు సాంఘిక సంక్షేమ వసతిగృహములే శిబిరములైనవి. బోధకులలో చాలమంది ఆయా గ్రామముల యువతీయువకులు. తమ ఇంట మొదటిసారిగా చదివినవారు. కనుక ఆ బిడ్డ భయము వారికి పుస్తకములలో చూచి తెలిసికొనవలసినది కాదు.

శిబిరపు నిర్వహణలో గమనింపదగిన విషయములు పెక్కులు కలవు. వచ్చిన వెంటనే పలకపట్టించెడివారు కారు. కొన్నిదినములు ఆటలు, పాటలు, కథలు, తమ ఊరిని గూర్చిన ముచ్చట్లు. బిడ్డ నోరువిప్పిన పిమ్మటనే అక్షరము. వయస్సునుబట్టి గాక, వచ్చినదానినిబట్టి జట్లు కట్టి, ఒక మెట్టు పూర్తికాగానే పైజట్టునకు మార్చెడివారు. ఏడాది చివర ఒక్క పరీక్షకై ఎదురుచూచుట లేదు. తల్లిదండ్రులు శిబిరమునకు వచ్చి, తమ బిడ్డ చదువుటను కన్నులార చూచెడివారు. ఒక తండ్రి ఊరికిపోయి చెప్పిన మాట, పదిమంది ప్రచారకులు చెప్పినదానికంటె బలమైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

వంతెన దాటించుట ఒక యెత్తు; ఆవలిగట్టున దిగనిచ్చుట మరియొక యెత్తు. నడుమ నెలలలో చేర్చుకొనమనిరి, పుట్టినతేదీ పత్రము తెమ్మనిరి, టి.సి. లేదనిరి. బిడ్డను బడి వెలుపల నిలిపినది అప్పుడప్పుడు పేదరికము కాదు, ఒక కాగితము. ఈ అడ్డంకులను తొలగించుటలో ప్రభుత్వోపాధ్యాయులే ముందునకు వచ్చి, 1990లలో బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడిరి. పంచాయతీలును, యువకులును, తల్లులును కలిసివచ్చిరి. 1999 నాటికి ఈ సంస్థ పని సుమారు 500 గ్రామములకు విస్తరించెను. 2003లో శాంతా సిన్హాగారికి సమాజ నాయకత్వమునకై రామన్ మెగసెసె పురస్కారము లభించినది. 2007లో వారు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు తొలి అధ్యక్షులైరి.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టములో ఈ వంతెనకు శాసనస్థానము లభించెను. బడికి రాని బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చి, మూడునెలలకు తక్కువ కాకుండ, రెండేండ్లకు మించకుండ ప్రత్యేకశిక్షణ నీయవలెనని నియమము. ప్రతి బిడ్డ నేర్చు శక్తిని గమనించి, అవసరమైనచో అదనపు బోధన చేయుట ఉపాధ్యాయుని విధులలో ఒకటియని ఆ చట్టమే చెప్పుచున్నది.

ఇక్కడ కథ క్రొత్తమలుపు తిరుగును. బడి వెలుపలి బిడ్డ లోపలికి వచ్చెను. కాని లోపలనుండియే వెనుకబడు బిడ్డ మాటయేమి? ముంబయి, వడోదర నగరములలో 'బాలసఖి' పేర చదువులో వెనుకబడిన బిడ్డలను దినమునకు రెండుగంటలు వేరుగా కూర్చుండబెట్టి, ఆ పేటలోని యువతులచే అక్షరములు, కూడికలు నేర్పించిరి. పరిశోధకులు 2001 మొదలు పరిశీలించి, బిడ్డల నేర్పు స్పష్టముగా పెరిగినదని తేల్చిరి. ఖరీదైన పరికరములు కాక, బిడ్డ ఉన్నచోటినుండి మొదలుపెట్టిన బోధనయే అక్కడ పనిచేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో ప్రాథమిక తరగతులకు ప్రారంభించిన 'తొలిమెట్టు' కార్యక్రమమును చదువుట, వ్రాయుట, లెక్కచేయుట అను పునాదులపైననే దృష్టి నిలిపినది.

ఈ చరిత్రకు పుట్టినిల్లైన సీమలోనే నేడొక కఠినమైన ప్రశ్న నిలిచియున్నది. పదవ తరగతి పరీక్షాఫలితములలో వికారాబాదు జిల్లా 2023, 2024, 2025 సంవత్సరములు మూడింటను రాష్ట్రమున చిట్టచివర నిలిచెను. ఉత్తీర్ణులు వరుసగా నూటికి 59.46, 65.10, 73.97. అదే కాలమున రాష్ట్రపు సగటు 86.60, 91.31, 92.78. పత్రికలు 'మరల చివరిస్థానము' అని వ్రాసినవి. అది నిజమే. కాని ఈ అంకెలనే మరియొకమారు చదువుడు. రెండేండ్లలో జిల్లా పదునాలుగు పాళ్లకు పైగా పైకి వచ్చినది; రాష్ట్రపు సగటుతోగల ఎడము ఇరువదియేడునుండి పందొమ్మిదికి తగ్గినది. వరుససంఖ్యను మాత్రమే చూచువారికి ఈ నడక కనుపించదు. మన తరగతిగదిలో వెనుకబడిన బిడ్డకును సరిగా ఇట్లే జరుగుచున్నది కాదా? పోయిన నెల చదువలేని వాక్యమును ఈ నెల చదివినవానికి, పట్టికలో మాత్రము ఎప్పటివలెనే కడపటి స్థానమే.

పదవ తరగతి బిడ్డలకు ఉదయము, సాయంకాలము ప్రత్యేక తరగతులు పెట్టుట మనకు పరిపాటియైనది. అవి వలదని మేమనము. అయితే మూడవ తరగతిలో పడిన గోతిని పదవ తరగతి చివరి మూడునెలలలో పూడ్చుట ఎవరి తరము? పైగా సాయంకాలము ఆకలితో కూర్చున్న బిడ్డకు పాఠమెక్కదు. చీకటిపడిన పిమ్మట బస్సు దొరకని పల్లెకు ఆడపిల్లను పంపుటకు తల్లి జంకును. గుప్పెడు అటుకులు, వేళకు బస్సు: ఇవియు బోధనలో భాగములే. శిబిరములు నడపినవారు దీనిని ముప్పదియేండ్ల క్రిందనే గ్రహించిరి.

ఈ చరిత్ర నుండి మేము గ్రహించిన సారమిది. తరగతినిబట్టి గాక, వచ్చినదానినిబట్టి బోధింపవలెను. జట్టునకు 'మొద్దులు' అను పేరు రాకుండ, ఏ బిడ్డయు ఒకే జట్టులో శాశ్వతముగా ఉండకుండ చూడవలెను. ఇంటిభాషను ఎగతాళి చేయక, దానినే మెట్టుగా వాడవలెను. తల్లిదండ్రులను మార్కులకాగితముపై వ్రేలిముద్ర వేయుటకు మాత్రమే గాక, బిడ్డ చదువుట వినుటకు పిలువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ పని పరీక్షకు ముందు వచ్చు తొందరగా గాక, ఏడాది పొడుగునను సాగవలెను.

రేడియోపెట్టె ఉన్న ప్రతి ఇంటను ఒక బడిపిల్లవాడు లేక ఒక చదువుకొన్న పెద్దవాడు ఉండకపోడు. ఈ రాత్రి భోజనానంతరము మీ ఇంటి బిడ్డనో, పొరుగింటి బిడ్డనో చేరబిలిచి ఒక పుట చదివించుడు. తడబడినచోట కోపగించక, వ్రేలు పెట్టి చూపుడు. వారమునకు పిమ్మట అదే పుటను మరల చదివించుడు. ఆ రెండు చదువుల నడుమ కనుపించు భేదమే ఆ బిడ్డకు నిజమైన ఫలితము. వంతెనలన్నియు ప్రభుత్వమే కట్టవలెనని లేదు. కొన్ని మన అరుగులపైనను కట్టవచ్చును.