పెరట్లోకి వచ్చిన పొగ

నాలుగు కిలోల పంది జబ్బ పొగలో మగ్గడానికి పన్నెండు గంటలకు తక్కువ పట్టదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో సాయంత్రం చుట్టాలు భోజనానికి వస్తున్నారంటే, ఇంటాయన తెల్లవారుజామునే లేచి పెరట్లో స్మోకర్ అనే పొగపొయ్యి ముట్టిస్తాడు. ముందురోజు రాత్రే ఉప్పు, మిరియాలు, మిరపపొడి, కాస్త ముడి పంచదార పట్టించి ఉంచిన జబ్బను లోపల పెట్టి, సెగ 110 డిగ్రీల దగ్గర నిలిచేలా గాలి తలుపులు సవరిస్తూ కూర్చుంటాడు. పొద్దుగూకేసరికి పైన నల్లటి పెచ్చు కడుతుంది. ఎముక పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది, మాంసం పీచులు పీచులుగా విడిపోతుంది. వంట సామాను ప్రకటనల్లో ఇదంతా మగవాళ్ల సెలవురోజు సరదాలా కనిపిస్తుంది. కానీ ఈ సరదా వెనక ఐదు శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం రాత్రంతా నిప్పు కాసిన మనుషులది. వాళ్లలో చాలామంది ఆ పని ఇష్టపడి చేసినవాళ్లు కారు.

మనం ఎరిగిన పంది అమెరికా జంతువు కాదు. 1493లో కొలంబస్ రెండోసారి ఓడలెక్కినప్పుడు కానరీ దీవుల్లోని గొమేరా దగ్గర ఆగి ఎనిమిది పందుల్ని ఎక్కించుకున్నాడు. కరేబియన్ దీవుల్లో వాటిని వదిలితే అడవుల్లో పడి లెక్కకు మించి పెరిగాయి. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పానిష్ సేనాని ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు అతని వెంట పదమూడు ఆడపందులు ఉన్నాయని ఆ యాత్రలోనే ఉన్నవాళ్లు రాసిపెట్టారు. మూడేళ్ల తరువాత అతను చనిపోయి, ఆస్తి వేలం వేసేనాటికి మంద ఏడువందలకు చేరింది. దారిలో తప్పిపోయినవీ, స్థానిక తెగలవాళ్ల చేతికి చిక్కినవీ వేరే. ఆవుకు మేత కావాలి, గొర్రెకు కాపరి కావాలి. పందికి ఓక్ చెట్ల కింద రాలిన కాయలుంటే చాలు, తన తిండి తాను వెతుక్కుంటుంది. దక్షిణాది అడవులు ఈ జంతువుకు మెట్టినిల్లయ్యాయి, పేదా గొప్పా తేడా లేకుండా అందరి పళ్లెంలోకీ పంది మాంసమే వచ్చింది.

పంది బయటినుంచి వచ్చింది కానీ, దాన్ని పొగమీద నిదానంగా మగ్గబెట్టే తీరు అక్కడిదే. కరేబియన్ దీవుల్లో టైనో ప్రజలు పచ్చి కర్రలతో మంచెలాంటి చట్రం కట్టి, కింద చిన్న నిప్పు పెట్టి, పైన చేపలూ మాంసమూ ఆరబెట్టేవారు. నిప్పుకూ మాంసానికీ మధ్య ఆ దూరంలోనే విద్య అంతా ఉంది. మంట తగిలితే మాంసం మాడుతుంది, సెగ మాత్రమే తగిలితే మగ్గుతుంది. 1690ల్లో మార్టినిక్ దీవిలో ఉన్న లబా అనే ఫ్రెంచి పాదిరి ఇలాంటి పంది విందు ఒకదాన్ని వివరంగా రాశాడు. పందిని కర్ర చట్రం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టలో నిమ్మరసం, ఉప్పు, దంచిన మిరపకాయలు నింపి, కింద బొగ్గుల సెగ పెట్టారట. ఈ మిరపకాయ దగ్గర తెలుగువాడు ఒక్క క్షణం ఆగాలి. పంది యూరప్ నుంచి ఆ గడ్డకు వెళ్లింది. మిరప అదే గడ్డ నుంచి పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు వచ్చింది. ఇవాళ గుంటూరు యార్డులో ఎర్రగా గుట్టలు పోసే కాయకూ, కరోలినా పంది మాంసం మీద చల్లే పుల్లటి కారానికీ మూలం ఒక్కటే ఖండం.

పద్ధతి దీవుల నుంచి వర్జీనియాకు, అక్కడినుంచి కరోలినాలకు చేరేసరికి చట్రం కింద గొయ్యి వచ్చింది. మనిషి పొడవున, నడుము లోతు గొయ్యి తవ్వి, పక్కన వేరుగా పెద్ద మంట వేసి, హికరీ, ఓక్ మొద్దులు కాలి నిప్పులయ్యాక ఆ నిప్పుల్ని పారతో గోతిలోకి తెచ్చి పోసేవారు. పైన కర్రలు పేర్చి, వాటిమీద నిలువునా చీల్చిన పందులు. పెళ్లిళ్లకు, ఎన్నికల సభలకు, పంట చేతికొచ్చిన పండగలకు ఇదే విందు. 1769 మే నెలలో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో జరిగిన ఇలాంటి విందుకు వెళ్లానని జార్జి వాషింగ్టన్ తన డైరీలో రాసుకున్నాడు. గోతి దగ్గర ఎవరు నిలబడ్డారో ఆయన రాయలేదు. గొయ్యి తవ్వినవాళ్లు, కట్టె కొట్టినవాళ్లు, పంది కోసినవాళ్లు, రాత్రంతా నిప్పు ఎగదోసినవాళ్లు ఎక్కువగా ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వాళ్ల పిల్లలూ.

వాళ్ల మాట మనదాకా వచ్చిన చోటు ఒకటుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వం ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ కింద, బానిసత్వంలో పుట్టి అప్పటికింకా బతికున్న వృద్ధుల జ్ఞాపకాలు రాయించింది. అలా 1937లో సౌత్ కరోలినాలో వెస్లీ జోన్స్ అనే 97 ఏళ్ల పెద్దాయన తన పని గురించి చెప్పాడు. విందుకు ముందు రాత్రి తాను కన్ను మూయకుండా గోతి దగ్గరే ఉండేవాడినన్నాడు. వినెగర్‌లో మిరియాలు, ఎర్ర మిరప, ఉప్పు, వెన్న, ధనియాలు, ఉల్లి, వెల్లుల్లి, కొన్ని ఆకులు కలిపి, పొడుగాటి కర్ర కొసకు మెత్తటి గుడ్డ చుట్టి, దాన్ని ముంచి మాంసానికి రాస్తూనే ఉండేవాడు. ఆ రసం కారి నిప్పుల మీద పడి, పొగే మసాలా పొగ అయి, తిరిగి మాంసానికి పట్టేదట. కొవ్వూ రసమూ నిప్పు మీద పడి లేచే ఆవిరే రుచికి ప్రాణమని నేటి ఆహార శాస్త్రమూ ఒప్పుకుంటుంది. జోన్స్‌కు అది గుడ్డ చుట్టిన కర్ర నేర్పింది. ఈ మొత్తం చరిత్రలో ఒక్క కాగితం దాచుకోమంటే నేను ఆ పెద్దాయన వాంగ్మూలమే దాచుకుంటాను.

ఇంటి పెరట్లో పొగకు ఇంకో పాత దారి కూడా ఉంది. అది విందుది కాదు, నిలవది. చలి ముదిరాక పందిని కోసి, తొడలూ జబ్బలూ ఉప్పులో ఊరబెట్టి, పొలం ఇంటి వెనక కిటికీలు లేని చిన్న కొట్టులో వేలాడదీసి, వారాల తరబడి చల్లటి పొగ పట్టించేవారు. వర్జీనియా హామ్ అలా పుట్టిందే. ఆ పొగ మాంసాన్ని ఉడికించదు, చెడకుండా కాపాడుతుంది. ఐసు పెట్టెలూ, తరువాత ఫ్రిజ్‌లూ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది కానీ, పొగ రుచి మాత్రం నాలుక మీద నిలిచిపోయింది. నేటి పెరటి స్మోకర్‌లో గోతి సెగా, పొగకొట్టు వాసనా ఒకచోట కలిశాయి.

వంట పుస్తకాల్లోకి ఈ పంది ఎలా ఎక్కిందో చూస్తే కొంచెం బాధేస్తుంది. మేరీ రాండాల్ఫ్ 1824లో అచ్చువేయించిన ‘వర్జీనియా హౌస్‌వైఫ్’లో లేత పందిని ‘బార్బెక్యూ’ (ఈ సెగ వంటకు అక్కడి పేరు) చేసే పద్ధతి ఉంది. సరిగ్గా ముందుభాగాన్నే తీసుకోమంటుంది. అందులో గొయ్యి లేదు, కట్టె లేదు, పొగ లేదు. వెల్లుల్లి, రెడ్ వైన్, పుట్టగొడుగుల కెచప్ వేసి పళ్లెంలో పెట్టి కాల్చమంటుంది. యజమానురాలికి తెలిసిన వంట పుస్తకానికెక్కింది. బయట గోతి దగ్గర జరిగింది రాయగలవాళ్లకు చదువు నేర్పనివ్వలేదు. అందుకే జోన్స్ మాట కాగితం మీదకు రావడానికి ఇంకో నూట పదమూడేళ్లు పట్టింది.

పంది మొత్తం కాకుండా ఒక్క జబ్బనే కాల్చడం ఎక్కడ స్థిరపడిందంటే, నార్త్ కరోలినాలోని లెక్సింగ్టన్ పేరు చెప్పాలి. 1919 ప్రాంతంలో సిడ్ వీవర్ అనే ఆయన అక్కడి కోర్టుకు ఎదురుగా గుడారం వేశాడు. కోర్టు నడిచే వారాల్లో పల్లెలనుంచి వచ్చే జనమే బేరం. త్వరలోనే జెస్ స్వైస్‌గుడ్ పోటీగా ఇంకోటి పెట్టాడు. వీళ్ల దగ్గర పని నేర్చిన వార్నర్ స్టేమీ తరువాత ఎందరికో గురువయ్యాడు. తూర్పు కరోలినావాళ్లు పంది మొత్తాన్ని వినెగర్, మిరపతో తింటారు. లెక్సింగ్టన్‌వాళ్లు జబ్బనే కాల్చి, ఆ వినెగర్‌లో కాస్త టమాటా కెచప్ కలుపుతారు. కెచప్ పడాలా వద్దా అని రెండు వర్గాల మధ్య తగవు ఇప్పటికీ తెగలేదు. గుడారంలో అమ్మేవాడికి జబ్బ లాభం ఏమిటంటే, తోలూ కొవ్వూ కప్పి ఉన్నందువల్ల తప్పులు కాస్తుంది, నలుగురు రాకపోయినా నష్టం లేదు. ఇంట్లో కాల్చుకునేవాడికీ అదే కావాలి. 1984 నుంచి ఆ ఊళ్లో ప్రతి అక్టోబరులో పెద్ద సంబరమే జరుగుతోంది.

మాంసం చిన్నదయింది, ఇక నిప్పు చిన్నదవ్వాలి. ఆ పని తెలియకుండా చేసింది హెన్రీ ఫోర్డ్. మోడల్ టీ కార్లకు చెక్క భాగాలు కోసే మిషిగన్ మిల్లులో రంపపు పొట్టూ ముక్కలూ కుప్పలుగా మిగిలేవి. 1920 తరువాత వాటిని బొగ్గు చేసి, పిండితో బిళ్లలుగా అచ్చుపోసి, కార్ల దుకాణాల్లోనే అమ్మించాడు. ఆ మిల్లు స్థలం చూసిపెట్టిన బంధువు కింగ్స్‌ఫర్డ్ పేరే తరువాత ఆ బొగ్గుకు స్థిరపడింది. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జి స్టీఫెన్, మిషిగన్ సరస్సులో తేలే ఇనుప బోయాకు వాడే గుండ్రటి డొప్పల్ని తీసుకుని కాళ్లు బిగించి, మూత పెట్టాడు. మూత రావడంతోనే కథ మారింది. గాలిని అదుపు చేయడం చేతికొచ్చింది, పొగ లోపల నిలిచింది. గోతిలో నలుగురు చేసే పని పెరట్లో ఒక్కడు చేయగలిగాడు.

ఆ పెరళ్లు ఎవరివో కూడా చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లేచిన శివారు కాలనీల్లో చాలాచోట్ల నల్లవాళ్లకు ఇల్లు అమ్మేవారు కాదు. పత్రికల్లో ఏప్రన్ కట్టుకుని నవ్వే తెల్లాయనే బార్బెక్యూకు ముఖచిత్రమయ్యాడు. అదే కాలంలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అనే హోటల్లో పనివాళ్లలో మూడింట రెండు వంతులు నల్లవాళ్లు. కానీ నల్లవాళ్లు లోపల కూర్చుని తినకూడదు, కట్టించుకుని వెళ్లాలి. హోటళ్లలో ఇలాంటి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం మాకు వర్తించదని యజమానులు కోర్టుకెళ్లారు. 1964 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా వాళ్ల వాదన కొట్టేశారు. ఆ హోటలు తెప్పించే మాంసం వేరే రాష్ట్రాలనుంచి వస్తుంది గనుక కేంద్ర చట్టం వర్తిస్తుందన్నారు. తాము వండిన చోటే కూర్చుని తినే హక్కు నల్లవాళ్లకు ఆ మాంసం ప్రయాణించిన దారి లెక్కతో దక్కింది.

గొయ్యి పోయి డొప్ప వచ్చినా, పంది పోయి జబ్బ వచ్చినా, చిన్నది కానిది కాలం ఒక్కటే. జబ్బ అంటే రోజంతా నడిచే జంతువు బరువు మోసే కండ. దాని నిండా కొలాజెన్ అనే గట్టి పీచు. 70 డిగ్రీలు దాటాక గాని అది కరిగి జెలటిన్ కాదు, అదీ గంటల తరబడి నిదానంగా. అందుకే వీపు మాంసం 63 డిగ్రీలకే తినడానికి సిద్ధమైతే, జబ్బను 90 దాటించి 95 దాకా తీసుకెళతారు. మధ్యలో కొత్తవాళ్లను కంగారుపెట్టే ఘట్టం ఒకటి వస్తుంది. మాంసం లోపలి వేడి 65, 70 దగ్గరికి చేరి అక్కడే కదలకుండా నాలుగైదు గంటలు కూర్చుంటుంది. నిప్పు ఆరిందేమోనని జనం బొగ్గు ఎగదోస్తారు, పైభాగం మాడ్చుకుంటారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త స్మోకర్‌లో తడి స్పాంజీ ఒకటి, కొవ్వు ముద్ద ఒకటి పెట్టి కొలిచాడు. కొవ్వు ఆగకుండా వేడెక్కింది, స్పాంజీ మాంసంలాగే మొరాయించింది. మన మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, మాంసం పైతడి ఆవిరవుతూ లోపలికి వచ్చే వేడిని ఎత్తుకుపోతుందన్నమాట. తడి ఆరేదాకా ఓపికపట్టడం ఒక దారి. రేకు కాగితంలో చుట్టేయడం ఇంకో దారి. చుడితే మూడు గంటలు కలిసొస్తాయి, పెచ్చు మెత్తబడుతుంది. నా ఓటు చుట్టకపోవడానికే.

ఆ తరువాత వచ్చిన సామానంతా ఆ జాగారాన్ని తగ్గించడానికే. జపాన్‌లో కమాడో మట్టిపొయ్యి చూసిన అమెరికా సైనికులు కొందరు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. 1974లో అట్లాంటాలో ఎడ్ ఫిషర్ పెట్టిన బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ దాని వారసురాలే. టెక్సాస్‌లో చమురు గొట్టాలు కోసి, పక్కన నిప్పు పెట్టె అతికించి స్మోకర్లు చేశారు. ఒరెగాన్‌లో జో ట్రేగర్ రంపపు పొట్టు గుళికల్ని మోటారు తానే నిప్పులోకి తోసే పొయ్యి కనిపెట్టి 1986లో పేటెంట్ తీసుకున్నాడు. 2006లో పేటెంట్ గడువు తీరాక పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు మాంసంలో గుచ్చిన, వేడి కొలిచే ముల్లు ఫోనుకు కబురు పంపుతుంది, ఇంటాయన నిద్రపోవచ్చు. పని సులువైనందుకు సంతోషమే. పొగ మాత్రం పలచబడింది. చాలా గుళికల పొయ్యిల్లో నిప్పుకూ మాంసానికీ మధ్య రేకు అడ్డుంటుంది, వెస్లీ జోన్స్ చెప్పినట్టు రసం నిప్పుమీద పడదు.

నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లలోనూ కొందరికి ఈ విద్య పట్టుబడింది. పంది ముట్టనివాళ్లు అదే పొగలో మేకజబ్బ మగ్గబెడతారు, పైన వెల్లుల్లి కారం దట్టిస్తారు. పద్ధతి అతుకుతుంది, ఎందుకంటే మేకజబ్బలోనూ అదే పీచు.

సౌత్ కరోలినాలోని హెమింగ్వే అనే చిన్న ఊళ్లో రాడ్నీ స్కాట్ కుటుంబం 1970ల నుంచి పంది మొత్తాన్ని కాల్చి అమ్ముతోంది. వాళ్ల పద్ధతి ఇప్పటికీ పాతదే. కట్టెను వేరే ఇనుప పీపాలో కాల్చి, కింద రాలిన నిప్పుల్ని పారతో ఎత్తి మాంసం కింద పోయడం, రాత్రంతా. 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారాల్లో ఆగ్నేయ అమెరికా ఉత్తమ షెఫ్ బహుమతి ఆయనకే వచ్చింది. 2021లో ఆయన పుస్తకం అచ్చయింది. అదే ఏడాది ఏడ్రియన్ మిల్లర్, బార్బెక్యూలో నల్లజాతి వంటవాళ్ల చరిత్ర మీద ‘బ్లాక్ స్మోక్’ ప్రచురించాడు. పెరట్లో జబ్బ పెట్టబోయేవాళ్లు స్మోకర్‌తో వచ్చే కరపత్రం కన్నా ముందు ఈ రెండూ చదివితే బాగుంటుంది. నిప్పు ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో వాటిలో ఉంది. ఆ మెళకువ కనిపెట్టినవాళ్ల పేర్లూ ఉన్నాయి.